హఠాన్మరణం: కారణమూ, బాధ్యతా

మనిషి చావుకు కారణం చెప్పడం వైద్యశాస్త్రం పని, బాధ్యత తేల్చడం న్యాయశాస్త్రం పని, అర్థం చెప్పడం మతం పని - యిలా పనులు పంచి పెట్టుకొని మనం చాలా కాలంగా నిశ్చింతగా వున్నాం. వైద్యుడు "గుండె ఆగింది" అంటాడు. న్యాయాధిపతి "సంబంధం రుజువు కాలేదు" అంటాడు. పురోహితుడు "ఆయువు తీరింది" అంటాడు. మూడు వాక్యాలూ మూడు శాస్త్రాలవి. అయినా వాటిలో వొక పోలిక వుంది. మూడూ విచారణను ముగించే వాక్యాలే గాని మొదలుపెట్టేవి కావు. అసలు గుండె ఆగకుండా చచ్చిపోయిన మనిషి యెక్కడున్నాడు? గుండె ఆగడం చావుకు కారణం కాదు. చావుకు మరో పేరు. పేరు చెప్పి కారణం చెప్పామనుకోవడం పాత అలవాటు.

యీ వ్యాసంలో చర్చించదలచిన ప్రశ్న యిది. పాడైన గాలి పీల్చేవాళ్ళకు గుండె హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం పెరుగుతుందని శాస్త్రం లెక్క గట్టి చెబుతోంది. కాని ఫలానా మనిషి, ఫలానా వుదయం, గాలి వల్లనే చనిపోయాడని మాత్రం యే శాస్త్రమూ చెప్పలేదు. అలాంటప్పుడు ఆ చావుకు బాధ్యులంటూ యెవరైనా వుంటారా? వొక్కొక్క మనిషి విషయంలో కారణం రుజువు కానంత మాత్రాన బాధ్యత కూడా ఆవిరైపోతుందా? దీన్ని వుత్త తర్కంగా గాక, కర్నూలు జిల్లా పడమటి కొసనున్న ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల కష్టజీవులను యెదురుగా పెట్టుకొని చూడాలి.

ముందు శాస్త్రం చెప్పేదేమిటో తెలుసుకుందాం. వాడుకలో గుండెపోటు, గుండె ఆగిపోవడం వొకటిగా చెలామణీ అవుతున్నాయి. అవి వొకటి కావు. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే అది గుండెపోటు. గుండెను లయగా కొట్టించే విద్యుత్ ప్రేరణ చెదిరిపోయి, గుండె వట్టినే అదురుతూ రక్తాన్ని తోడడం మానేస్తే అది ఆగిపోవడం. మొదటిది రెండవదానికి దారి తియ్యవచ్చు. రెండవది వచ్చిన మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పక్కనున్నవాళ్ళు యెద మీద లయగా నొక్కకపోతే, విద్యుత్ దెబ్బతో లయను సరిచేసే యంత్రం అందకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుండి 10 పాళ్ళ చొప్పున తగ్గిపోతుంది.

దీనికీ గాలికీ సంబంధమేమిటి? రెండున్నర మైక్రాన్లకు మించని ధూళికణం తలవెంట్రుక మందంలో దాదాపు ముప్ఫయ్యో వంతు. ముక్కు వెంట్రుకలు దాన్ని ఆపలేవు. వూపిరితిత్తుల చివరి గదుల దాకా అది పోతుంది. అక్కడ వాపు పుడుతుంది. ఆ వాపు సంకేతాలు రక్తంలో కలుస్తాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండె వేగాన్ని అదుపు చేసే నాడుల సమతూకం చెడుతుంది. అప్పటికే నాళాలు సన్నబడినవాడికి, అప్పటికే అలసిన గుండెకు యీ మాత్రం తోపు చాలు.

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 2004 నుండి 2011 దాకా ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన పదకొండు వేలకు పైగా సంఘటనలను పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. రెండు రోజులపాటు గాలిలో సన్నని ధూళి ఘనపు మీటరుకు 6 మైక్రోగ్రాముల చొప్పున పెరిగితే యీ ప్రమాదం నూటికి 4-5 పాళ్ళు పెరిగింది. జపానులో రెండు లక్షల నలభై తొమ్మిది వేలకు పైగా సంఘటనల మీద జరిగిన పరిశోధన 2020లో వచ్చింది. అక్కడ ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే ప్రమాదం నూటికి 1 నుండి 4 పాళ్ళు పెరిగింది. అన్నిటికన్నా ఆలోచించవలసింది మరొకటి: ఆ సంఘటనల్లో నూటికి 90కి పైగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పటికి పెట్టిన దినసరి హద్దుకు లోపల, అంటే గాలి "బాగున్న" రోజుల్లోనే జరిగాయి. 2021లో ఆ సంస్థ తన హద్దును మరింత దించి, సాలు సగటు 5 మైక్రోగ్రాములు దాటరాదన్నది. మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు 40. మన గుండెలు ఎనిమిది రెట్లు గట్టివని యెవరూ రుజువు చెయ్యలేదు.

నూటికి నాలుగు పాళ్ళేనా అనవచ్చు. వొక్క మనిషి దృష్టితో చూస్తే యిది చిన్న సంఖ్యే. తన రోజువారీ ప్రమాదం యింత చిన్న మోతాదులో పెరిగితే అతను దాన్ని గమనించనైనా గమనించడు. కాని ఆ గాలిని వూరంతా పీలుస్తుంది, ప్రతి రోజూ పీలుస్తుంది. అందరికీ పంచిన చిన్న ప్రమాదం కొందరికి తప్పని చావుగా ముగుస్తుంది. ఆ కొందరు యెవరన్నది ముందు తెలియదు. కొందరుంటారన్నది మాత్రం ముందే తెలుసు. నైతిక ప్రశ్న అంతా యీ రెండు వాక్యాల నడుమ వుంది.

యిక ఆదోనికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లా నుండి విడివడి వచ్చిన తాలూకాలలో ఆదోని వొకటి. రెగడి నేలల పత్తి, యెర్ర నేలల బుడ్డలు - యీ రెండు పంటల మీదనే ఆ పట్టణం పెరిగింది. పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, బేళ్ళు కట్టే ప్రెస్సులు, నూనె మిల్లులు, వాటి చుట్టూ హమాలీలు, బండ్లవాళ్ళు, లారీలు. జిన్నింగులో గింజ నుండి దూది వేరయ్యేటప్పుడు ఆకు పొడి, మట్టి, నూగు, వాటినంటుకున్న సూక్ష్మజీవుల విషం గాలిలోకి లేస్తాయి. పత్తి ధూళి వల్ల యెద బిగిసి వచ్చే జబ్బుకు వైద్యులు బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. సెలవు తరవాత పనిలోకి వచ్చిన మొదటి రోజు అది యెక్కువ బాధిస్తుంది గనక ఇంగ్లండు నూలు మిల్లుల్లో దాన్ని సోమవారం జబ్బు అన్నారు.

యిక్కడ వొక జాగ్రత్త అవసరం. పత్తి ధూళి ప్రధానంగా వూపిరితిత్తుల శత్రువు. గుండె ఆగడం గురించి పైన చెప్పిన లెక్కలు బొగ్గు, డీజిలు, కట్టె కాలినప్పుడు పుట్టే అతి సన్నని కణాల గురించి. రెండింటినీ కలగాపులగం చెయ్యడం శాస్త్రం కాదు. కాని కూలివాడి వూపిరి శాస్త్రజ్ఞుడి పట్టికలాగా గడులుగా విడిపోయి వుండదు. పగలు మిల్లులో నూగు, దారిలో లారీ పొగ, రాత్రి యింటిలో పత్తికట్టె పొయ్యి పొగ - అన్నీ వొకే రొమ్ములోకి పోతాయి. వూపిరితిత్తి దీర్ఘకాలం చెడితే ఆ బరువు గుండె కుడి భాగం మీద పడుతుందన్నది వైద్యంలో పాత సంగతే. పైగా పత్తి వచ్చే నెలలు చలి నెలలు. తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దాని మీద మూత పెట్టినట్టు వెచ్చగాలి. పొగ పైకి పోదు. పని ముమ్మరమయ్యే కాలమూ, గాలి నిలిచిపోయే కాలమూ వొకటే.

ఎమ్మిగనూరు కథ మరో రకం. 1938లో మాచాని సోమప్ప పూనికతో అక్కడ చేనేత సహకార సంఘం పుట్టింది. మగ్గం వున్న చోటే యిల్లు, యింటిలోనే పొయ్యి. అక్కడ కర్మాగారం లేదు, కాబట్టి కర్మాగారాల చట్టమూ లేదు. ఆ చుట్టుపక్కల వూళ్ళ నుండి వానలు తప్పిన యేళ్ళలో జనం మూటా ముల్లే కట్టుకొని గుంటూరు సీమకు మిరపకోతకూ, పత్తితీతకూ వలసపోతారు. వలసపోయినవాడు యెక్కడి గాలి పీల్చి యెక్కడ చనిపోయాడో యే దస్తరమూ చెప్పదు.

చట్టం యీ మనుషులను యెలా చూసిందో పరిశీలిస్తే మన ప్రశ్న మరింత పదునెక్కుతుంది. కార్మిక రాజ్య బీమా చట్టం 1948లో వచ్చింది. జబ్బుపడ్డ కార్మికుడికి వైద్యమూ, జీతంలో కొంత భాగమూ యివ్వడం దాని లక్ష్యం. కాని సీజనల్ ఫ్యాక్టరీలకు అది వర్తించదన్నారు. సీజనల్ ఫ్యాక్టరీలంటే యేవి? చట్టం వరసగా చెప్పిన పేర్లలో మొట్టమొదటివి: పత్తి జిన్నింగు, పత్తి లేక జనుము ప్రెస్సింగు, వేరుసెనగ వొలుపు. ఆదోనిని యెదురుగా పెట్టుకొని రాసినట్టు లేదూ? 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా యీ మినహాయింపును అలాగే నిలబెట్టింది. అమెరికాలో 1978లో పత్తి ధూళికి హద్దులు పెట్టారు. జిన్నింగు యజమానులు తమది సీజను పని అని కోర్టుకెక్కి, 1980లో తమకు పెట్టిన నిబంధనను కొట్టివేయించుకున్నారు. రెండు దేశాల్లోనూ తర్కం వొకటే: పని కొన్ని నెలలదే గనక ప్రమాదం చిన్నది. కాని సీజను మిల్లుకు గాని కూలివాడికి కాదు. మిల్లు మూసిన నెలల్లో అతని వూపిరి మూతపడదు; అతను మరో ధూళిలోకి పోతాడు.

పరిహారం చట్టం మాటేమిటి? 1923 నాటి చట్టానికి వృత్తివ్యాధుల పట్టిక వొకటి వుండేది. బిస్సినోసిస్ ఆ పట్టికకెక్కింది. కొత్త కోడ్‌లోనూ అలాంటి పట్టిక వుంది. పట్టికలో వున్న జబ్బు ఆ వృత్తి చేసినవాడికి వస్తే, అది వృత్తి వల్లనే వచ్చిందని చట్టం తనంత తానే వొప్పుకొంటుంది. కాని గుండె ఆగడం యే పట్టికలోనూ లేదు. 2006లో సుప్రీంకోర్టు, వాహనం మీద క్లీనరుగా పని చేస్తూ గుండె ఆగి చనిపోయిన వొకరి విషయంలో, పనికీ చావుకూ కార్యకారణ సంబంధం చూపలేదని పరిహారం నిరాకరించింది. సంబంధం చూపించవలసింది యెవరు? చనిపోయినవాడి తరఫువాళ్ళు. కొలతలు యెవరి దగ్గర వున్నాయి? యెవరి దగ్గరా లేవు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమంలో కర్నూలు నగరముంది. ఆదోని లేదు, ఎమ్మిగనూరు లేదు. గాలిని కొలవకుండా వుంచి, గాలి వల్ల చనిపోయాడని రుజువు తెమ్మనడంలో వున్న న్యాయం, బావి పూడ్చి నీళ్ళు తోడుకు రమ్మనడంలాంటిది.

యిప్పుడు తాత్విక విషయానికి వద్దాం. మన ప్రాచీన నైయాయికులు కారణాన్ని గురించి చాలా సూక్ష్మంగా ఆలోచించారు. కుండకు మట్టి కారణం, కుమ్మరి కారణం, చక్రం తిప్పే కర్ర కారణం. మరి మట్టి మోసుకొచ్చిన గాడిద? అది కారణం కాదన్నారు. ఆ గాడిద లేకపోయినా మరో విధంగా మట్టి వచ్చేది, కుండ పుట్టేది. దానికి వాళ్ళు పెట్టిన పేరు అన్యథాసిద్ధం. మిల్లు యజమాని వాదం సరిగ్గా యిదే. "అతను బీడీలు తాగేవాడు, రక్తపు పోటు వుండేది, వయసైంది. ధూళి లేకపోయినా పోయేవాడే." ధూళిని ఆయన కుమ్మరి గాడిద పక్కన కట్టేస్తున్నాడు.

అదే నైయాయికులు కారణాన్ని గుర్తించే పద్ధతి కూడా చెప్పారు. వొకటి వున్నప్పుడు రెండవది వుండడం అన్వయం. లేనప్పుడు లేకపోవడం వ్యతిరేకం. పైన చెప్పిన పరిశోధనలు చేసిందీ యిదే: గుండె ఆగిన రోజు గాలిని, అదే మనిషి బాగున్న రోజుల గాలితో పోల్చారు. మనిషి అతనే, అలవాట్లు అతనివే, వయసు అతనిదే. మారింది గాలి. వ్యతిరేకానికి చక్కని ఉదాహరణ అమెరికాలో యూటా లోయది. అక్కడి ఉక్కు మిల్లు కార్మిక వివాదం వల్ల 1986 ఆగస్టు నుండి పదమూడు నెలలు మూతపడింది. ఆ చలికాలం వూపిరి జబ్బులతో ఆసుపత్రిలో చేరిన పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మిల్లు తెరిచాక మళ్ళీ పెరిగింది. యే పిల్లవాడు ఆ సంవత్సరం మిల్లు మూత వల్ల ఆసుపత్రి తప్పించుకున్నాడో యెవరూ చెప్పలేరు. పిల్లలు తప్పించుకున్నారన్నది మాత్రం కాదనలేరు.

అంచేత వ్యక్తికి సంబంధించినంత వరకు ధూళి గాడిదో కుమ్మరో తేల్చలేకపోవచ్చు. వూరికి సంబంధించినంత వరకు అది నిస్సందేహంగా కుమ్మరి. కారణం సామూహికంగా పని చేస్తూ వుంటే, రుజువు వ్యక్తిగతంగా అడగడం తర్కదోషం మాత్రమే కాదు. అది వొక వర్గానికి లాభించే తర్కదోషం. కాకి వాలింది, తాటిపండు రాలింది, రెండూ కాకతాళీయమంటారు. కాకి సంగతి అలా వుంచండి. పండును ముగ్గబెట్టిందెవరో విచారించాలి గదా.

1952 డిసెంబరులో అయిదు రోజుల పొగమంచులో లండనులో వేలమంది చనిపోయారు. అప్పటి లెక్కలే నాలుగువేలన్నాయి. తరవాతి పరిశీలకులు పన్నెండు వేల దాకా చెప్పారు. తరవాతి నెలల చావులను ప్రభుత్వం ఫ్లూ జ్వరం ఖాతాలో రాసింది. అయినా పార్లమెంటు 1956లో స్వచ్ఛవాయు చట్టం చెయ్యక తప్పలేదు. అక్కడెవరూ చనిపోయిన ప్రతి మనిషికీ విడివిడిగా రుజువు తెమ్మనలేదు. మరణాల సంఖ్యే రుజువైంది. అదే లండనులో ఎల్లా అనే తొమ్మిదేళ్ళ బాలిక 2013లో ఉబ్బసంతో చనిపోతే, తల్లి యేళ్ళ తరబడి పోరాడిన మీదట, 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి చావుకు కారణాలలో వాయుకాలుష్యాన్ని కూడా రాశాడు. అది గుండె ఆగిన చావు కాదు. కాని కాగితం మీద గాలి పేరు రాయడం సాధ్యమేనని ఆ తల్లి నిరూపించింది. యింటికి దగ్గరలో కొలత యంత్రం వుండడం వల్లనే అది సాధ్యమైందన్నది మరువరానిది.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది, బీడీ. కూలివాడు తన వూపిరి తానే పాడు చేసుకుంటుంటే మిల్లును అనడమెందుకని. వొక కారణం వుండడం మరో కారణాన్ని రద్దు చెయ్యదు. అప్పటికే బలహీనపడ్డ గుండె మీద అదనపు బరువు వెయ్యడం నేరాన్ని తగ్గించదు, పెంచుతుంది. రెండవది, బతుకుతెరువు. కట్టుదిట్టాలు పెడితే మిల్లులు మూతపడతాయి, కూలి పోతుందని. యీ ఆక్షేపణను తేలిగ్గా తీసెయ్యకూడదు. యిది చెప్పేవాళ్ళలో కూలివాళ్ళు కూడా వున్నారు. కాని కూడూ గాలీ రెండింటిలో వొకటి కోరుకోమన్నప్పుడు కూడు కోరుకున్నవాడు గాలిని అమ్ముకున్నట్టు కాదు. ఆ బేరం పెట్టినవాడే దానికి బాధ్యుడు. 1981లో అమెరికా సుప్రీంకోర్టు నూలు మిల్లుల ధూళి నిబంధనల కేసులో, కార్మికుడి ఆరోగ్యాన్ని ఖర్చు-లాభాల తక్కెడలో తూచనక్కరలేదని, అమలు సాధ్యమైతే చాలునని చెప్పింది. పెట్టుబడికి కంచుకోట అయిన దేశంలో ఆ మాట చెల్లినప్పుడు యిక్కడ చెల్లకపోవడానికి కారణం శాస్త్రంలో వెతికితే దొరకదు.

మూడవ ఆక్షేపణ మనవాళ్ళ నుంచే వస్తుంది: యాజమాన్యం మారితే గాలి దానంతటదే బాగుపడుతుంది గదా అని. చరిత్ర అలా చెప్పడం లేదు. మాగ్నిటోగోర్స్క్ ఉక్కు ప్రజల పేరనే కరిగింది. ఆ వూరి గాలి మాత్రం సోవియట్ దేశంలో అతి మురికి గాలుల్లో వొకటయింది. ఉత్పత్తి లెక్కలో వూపిరి లెక్క చేర్చమని అడిగే హక్కు పీల్చేవాడికి లేనిచోట, మిల్లు యెవరిదైనా పొగ వొకటే. ఆస్తి ప్రశ్న వొదిలెయ్యమని దీని అర్థం కాదు. కొలిచే హక్కు, తెలుసుకునే హక్కు, ఆపే హక్కు లేనిదే ఆస్తి ప్రశ్నకు జవాబు సగమేనని.

1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల స్థితి మీద రాసిన గ్రంథంలో సామాజిక హత్య అనే భావన తెచ్చాడు. చంపేవాడు కనిపించడు, చావు సహజంగా తోస్తుంది; కాని అలాంటి చావులు వస్తాయని తెలిసీ ఆ పరిస్థితులను నిలబెట్టే సమాజం హత్య చేసినట్టేనని ఆయన వాదం. దీనిలో ముఖ్యమైన మాట తెలిసీ అన్నది. తెలియని రోజుల్లో అది దురదృష్టం. తెలిశాక అది నిర్ణయం. సన్నని ధూళికీ గుండెకూ వున్న సంబంధం యిప్పుడు తెలిసిన సంగతి. అంచేత యింకా "ఆయువు తీరింది" అనడం అజ్ఞానం కాదు, పక్షం వహించడం. కర్మ సిద్ధాంతం మన వూళ్ళలో చేసిన పెద్ద ఉపకారం దుఃఖానికి వోదార్పు. పెద్ద అపకారం, ఆ వోదార్పుతోనే విచారణను మూసెయ్యడం. కొడుకు పోయిన తల్లి రాత అనుకొని వూరట పొందితే ఆమెను తప్పు పట్టే హక్కు మనకు లేదు. ఆ మాటను మిల్లు గుమాస్తా, కార్మిక శాఖ అధికారి, పత్రికా విలేఖరి వాడితే తప్పు పట్టవలసిందే.

అయితే బాధ్యత యెక్కడ నిలుస్తుంది? చావు దగ్గర కాదు, చావుకు ముందు. ఫలానావాణ్ణి చంపావా అన్నది అడగవలసిన ప్రశ్న కాదు. యింతమందిని యింత ధూళిలో, తెలిసీ, ఆపగలిగీ నిలబెట్టావా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి శవపరీక్ష అక్కరలేదు. గాలిని కొలిస్తే చాలు. యీ దృష్టి నుండి కొన్ని కోర్కెలు సహజంగా పుడతాయి. ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ గాలిని రోజూ కొలిచి ఫలితాన్ని మార్కెట్టు గేటు మీద తెలుగులో రాయాలి. సీజను పేరుతో పెట్టిన మినహాయింపు పోవాలి. జిన్నింగు యంత్రాల దగ్గర ధూళిని లాగే ఏర్పాటు యజమాని ఖర్చుగా వుండాలి. మిల్లులో, మార్కెట్టులో హఠాత్తుగా జరిగిన ప్రతి చావునూ రాసిపెట్టి, యేడాదికోసారి అన్నిటినీ కలిపి గాలి లెక్కలతో సరిచూడాలి. కర్నూలు పెద్దాసుపత్రి ఆదోనికి దాదాపు వంద కిలోమీటర్లు, ఆగిన గుండెకున్న గడువు కొద్ది నిమిషాలు. కాబట్టి యెద నొక్కే విద్య హమాలీ సంఘాలకూ కళాశాల విద్యార్థులకూ నేర్పాలి. యిది ఆఖరి కోర్కె మాత్రమే, మొదటిది కాదు. పడ్డవాణ్ణి లేపడం పడగొట్టే గాలిని ఆపడానికి బదులు కాజాలదు.

విద్యార్థులు, ఉపాధ్యాయులు యీ పనిలో చెయ్యగలిగింది చాలా వుంది. ఆకలి చావును మన సాహిత్యం గుర్తించింది, తుపాకి చావును గుర్తించింది. గాలి చావుకు రక్తం లేదు, కేక లేదు, తేదీ కూడా సరిగా లేదు. దాన్ని చూడాలంటే వొక మనిషి కథ చాలదు, వూరి లెక్క కావాలి. వుత్త లెక్క కూడా చాలదు, ఆ లెక్కలో మనుషులు కనబడాలి. ఆ రెండింటినీ కలిపే పని మొదలుపెట్టడానికి ఆదోని మార్కెట్టు యార్డు తగిన చోటు.